చైను ఎడమవైపున్న సైకిల్

తెనాలిలో మా అన్నయ్య సైకిల్ కొట్టు పక్కన ఒక సందు ఉంది. ఆ సందులో ఒక గోడ ఉంది. ఎప్పుడో వేసిన పసుపు రంగు వెలిసిపోయి ఇప్పుడది పలచటి మజ్జిగచారు రంగులోకి వచ్చింది. ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా దాని మీద వెలుగు ఎక్కడా మచ్చ లేకుండా పడుతుంది. నా పనంతా ఆ గంటన్నరలోనే. అన్నయ్య బాగుచేసిన పాత సైకిళ్ళని ఒక్కొక్కటీ ఆ గోడ ముందు స్టాండు వేసి నిలబెట్టి, ఫోన్‌తో ఫొటోలు తీసి, వివరాలు రాసి, ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడతాను.

అన్నయ్యకి ఆన్‌లైన్ అంటే ఏంటో తెలియదు. ఆయన దగ్గరున్నది బొత్తాల ఫోను. "నువ్వేం చేస్తావో నాకనవసరం, కొట్లో చోటు ఖాళీ చెయ్యి చాలు" అంటాడు. బ్రేకు కట్టలు, బేరింగులు, టైర్లు ఆయన సంగతి. ఆ సైకిల్ని ముస్తాబు చేసి లోకానికి చూపించడం నా సంగతి. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టకూడదన్నది మా ఇద్దరి ఒప్పందం. జరిగిందంతా ఆ ఒప్పందం వల్లనే అని అన్నయ్య అంటాడు. నా వల్లనే అని నాకు తెలుసు.

ఈ పనికి రాకముందు నేను పదకొండేళ్ళు ఒక కలర్ ల్యాబులో పెళ్ళి ఆల్బములు డిజైన్ చేశాను. అక్కడ నాకు పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే ఒక నియమం చెప్పాడు. బొమ్మ పేజీ లోపలికి చూడాలి. ఎడమ పేజీలో మనిషి కుడివైపుకి, కుడి పేజీలో మనిషి ఎడమవైపుకి చూస్తుండాలి. బయటికి చూస్తే ఆ మనిషి పెళ్ళి వదిలేసి వెళ్ళిపోతున్నట్టుంటుంది. పెళ్ళికొడుకు బయటికి చూస్తున్న ఫొటో ఒక్కటే బాగా వస్తే ఏం చేయాలి? అద్దంలో బొమ్మలా దాన్ని అడ్డంగా తిప్పేయాలి. ఒక్క నొక్కుతో అయిపోతుంది. అయితే ఆడవాళ్ళని తిప్పకూడదు, పైట కుడి భుజం మీదికి వచ్చేస్తుంది. అక్షరాలున్న బ్యానరు వెనకాల ఉంటే తిప్పకూడదు. వాచీ పెట్టుకున్న చెయ్యీ, చొక్కా జేబూ మారిపోతాయి గానీ వాటిని ఎవరూ చూడరు. ఎంతమంది పెళ్ళికొడుకుల జేబులు కుడివైపుకి మార్చానో నాకే లెక్క లేదు. ఒక్కరూ పట్టుకోలేదు.

సైకిళ్ళకీ అదే నియమం పెట్టాను. మా అమ్మకాల పేజీలో ఫొటోలు వరసకి రెండు చొప్పున కనబడతాయి. చైను, పెడల్ కనబడేలా తీయాలని అన్నయ్య మొదట్లోనే చెప్పాడు కాబట్టి నేను తీసిన ప్రతి సైకిలూ కుడివైపుకి చూస్తుంది. ఎడమ గడిలో పడితే సరే. కుడి గడిలో పడితే పేజీ బయటికి పోతున్నట్టుంటుంది. అందుకని కుడి గడిలో పడినవాటన్నిటినీ తిప్పేదాన్ని. తిప్పే ముందు బార్ మీద, చైను కవరు మీద అక్షరాలున్నాయేమోనని కళ్ళు చికిలించి చూసేదాన్ని. అక్షరాలుంటే జత మార్చేదాన్ని. రెండు సైకిళ్ళు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నట్టుండేది నా పేజీ. ఇలాంటి పేజీ జిల్లాలో ఇంకొకరికి లేదని నాకు కొంచెం గర్వం కూడా.

సైకిల్ చైను లోకంలో ఎక్కడైనా కుడివైపే ఉంటుందన్న సంగతి మాత్రం నాకు తెలియదు. నవ్వుకోండి. చిన్నప్పుడు అమృతలూరులో బడికి సైకిల్ మీదే వెళ్ళినదాన్ని, సైకిల్ కొట్టువాడి చెల్లెల్ని. అయినా ఏ వైపు ఉందో ఏనాడూ చూడలేదు. మీరూ ఒకసారి కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకోండి, ఎంతమందికి తడుముకోకుండా వస్తుందో చూద్దాం.

చూడలేదంటే నాకు ఆరా తక్కువని కాదు. ఆరా నా జబ్బు. ఏ సైకిల్ వచ్చినా దాని మీద తిరిగిన మనిషి ఎవరో కనిపెట్టందే నాకు తోచదు. బాపట్లలో కాలేజీ పిల్లలు చదువులయ్యాక అమ్మేసే సైకిళ్ళకి సీటు పైకెత్తి ఉంటుంది, బెల్లు ఉండదు. రేపల్లె వైపు నుంచి వచ్చేవాటికి హ్యాండిల్ రెండు పక్కలా రంగు పోయి ఉంటే పాలక్యాన్లు మోసినవి. వెనక క్యారేజీకి సైకిల్ ట్యూబు చుట్టి ఉంటే ఎవరో ఇంటామెని కూర్చోబెట్టుకు తిప్పారు. ఒక పెడల్ రబ్బరు అరిగి రెండోది కొత్తగా ఉంటే, ఒంటి కాలితో తొక్కే మనిషన్నమాట. అమ్మడానికి వచ్చినవాళ్ళని ఇవన్నీ అడుగుతాను. కొందరు చెప్తారు, కొందరు "మీకెందుకండీ" అంటారు. మాకెందుకో నాకూ తెలియదు.

ఆ నల్ల సైకిల్ అమృతలూరు నుంచే వచ్చింది. పాత మోడల్ పెద్ద సైకిల్. తుప్పు గీకి అన్నయ్య కొత్తగా నల్ల రంగు కొట్టించాడు కాబట్టి దాని మీద ఒక్క అక్షరం లేదు. ఫొటో చాలా బాగా వచ్చింది. కుడి గడిలో పడింది. తిప్పాను, పెట్టాను.

రెండోరోజు ఉదయం ఫోను వచ్చింది. మగగొంతు, పెద్దాయనది, నిదానంగా.

"వందనాలమ్మా. సైకిళ్ళమ్మేది మీరేనాండి?"

"మేమేనండి, చెప్పండి."

"ఆ నల్ల సైకిలు ఉందాండి?"

"ఉందండి."

మామూలుగా ఈ మాట తర్వాత బేరం మొదలవుతుంది. ఆయన బేరం ఆడలేదు. టైర్లు ఎలా ఉన్నాయని గానీ, ఎన్నేళ్ళదని గానీ అడగలేదు.

"చైను ఏ పక్కనుందమ్మా?"

నాకు సర్రున కోపం వచ్చింది. ఫొటోలో కనబడుతూనే ఉంది, ఇంకా అడుగుతాడేంటి, మేమేదో దాస్తున్నట్టు? "ఫొటోలో ఎలా ఉందో అలాగే ఉందండి. మేం మోసపు వ్యాపారం చెయ్యమండి" అన్నాను.

"అయ్యో, కోప్పడకమ్మా. ఫొటోలో ఎడమ పక్కనుంది, అందుకని అడిగాను."

మాట్లాడుతూనే ఫోన్‌లో ఫొటో తెరిచి చూశాను. చైను ఎడమ పక్కనే ఉంది. "అవునండి, ఎడమ పక్కే" అన్నాను గట్టిగా.

"అయితే ఎవరికీ ఇవ్వకమ్మా. ఎల్లుండి పొద్దుటి బండికి వస్తాను" అని పెట్టేశాడు.

ఆ సైకిల్ నేను కూర్చున్న చోటికి పది అడుగుల దూరంలో ఉంది. లేచి వెళ్ళి చూసి చెప్పొచ్చు. చూడలేదు. పదకొండేళ్ళు తెర మీద బొమ్మలతో బతికినదాన్ని, బొమ్మని నమ్మినట్టు వస్తువుని నమ్మలేదు. పైగా నా బుర్రంతా వేరే ఆలోచనలో ఉంది. చైను ఏ పక్కనుంటే ఈయనకేంటి? ఎవరైనా అంత పట్టుగా ఆ ఒక్కటే ఎందుకు అడుగుతారు? ఆ రెండు రోజులూ దాని గురించే రకరకాలుగా ఊహించుకున్నాను. వాస్తు పట్టింపేమో అని కూడా అనుకున్నాను. అన్నయ్యని అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అడగలేదు, నా బేరాల్లో ఆయన వేలు పెట్టకూడదు కదా.

చెప్పిన రోజున ఆయన రేపల్లె రైలు దిగి, స్టేషన్ నుంచి నడుచుకుంటూ వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన గుడ్డ సంచి. ఎడమకాలు సన్నగా ఉండి, ప్రతి అడుగుకీ పక్కకి విసిరినట్టు పడుతోంది. పంచె కుడివైపు అంచున ఎన్ని ఉతుకులకీ పోని నల్లటి మరకలు వరసగా ఉన్నాయి. నేను ముందు వాటినే చూశాను.

తను రేపల్లె వైపు నగరం అనే ఊరి దగ్గర ఒక పల్లెలో లూథరన్ చర్చి ఉపదేశినని చెప్పాడు. పాస్టరుగారు నెలకొకసారి వస్తారట. మిగిలిన రోజుల్లో చుట్టుపక్కల నాలుగు పల్లెల్లో ప్రార్థన పెట్టేదీ, జబ్బు మనుషుల ఇళ్ళకి వెళ్ళేదీ, పసిపిల్లల కోసం ప్రార్థన చేసేదీ ఈయనే.

"ఏదమ్మా సైకిలు?" అన్నాడు. గొంతులో తొందర దాచుకోలేదు.

చూపించాను. ఆయన దాని కుడివైపుకి వెళ్ళి నిలబడ్డాడు. చైను అక్కడే ఉంది. వంగి చూశాడు. చుట్టూ తిరిగి ఎడమవైపుకి వెళ్ళాడు. అక్కడ ఏమీ లేదు, ఒట్టి ఇరుసు. మళ్ళీ కుడివైపుకి వచ్చాడు. సంచిలోంచి ఫోన్ తీసి, అందులో దాచుకున్న ఫొటోనీ సైకిల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇది కాదేమోనమ్మా. ఎడమ పక్క చైనున్నది ఇంకోటి ఉందేమో, చూడండి."

చక్రం బిగిస్తున్న అన్నయ్య తలెత్తి నవ్వాడు. "ఎడమ పక్క చైనేంటండి? ఎక్కడన్నా ఉంటుందా?" అంటూ వచ్చి ఆయన ఫోన్‌లోకి తొంగి చూశాడు. నవ్వు ఆగిపోయింది. నా వైపు తిరిగాడు.

"ఒసే, ఇదేంటే?"

అప్పుడు తెలిసింది నాకు. తిప్పాను అన్నయ్యా, పేజీలో బాగుంటుందని తిప్పాను, అని చెప్పడానికి నోరు తిరగలేదు. ఎలాగో చెప్పాను. పెళ్ళికొడుకులు, జేబులు, ఎదురెదురు గడులు, అన్నీ చెప్పాను. చెబుతుంటే నాకే వెర్రిగా వినిపించింది. ఇద్దరూ ఓపిగ్గా విన్నారు.

ఉపదేశిగారు బెంచీ మీద కూర్చున్నాడు. మంచినీళ్ళిచ్చాను. తాగి, తన సంగతి చెప్పాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు అలా అయిపోయిందట. కాలు తిరుగుతుంది గానీ బరువు మోయదు. అందరూ సైకిల్‌కి ఎడమవైపు నిలబడి, ఎడమ పాదం పెడల్ మీద వేసి, దాని మీద బరువు మోపి ఎక్కుతారు. ఆయన అలా ఎక్కలేడు. కుడివైపు నిలబడి, కుడి పాదం పెడల్ మీద వేసి తోసుకుంటూ ఎడమకాలు వెనక నుంచి విసురుతాడు. ఆ కుడివైపే చైను. తోసుకునేటప్పుడు పంచె అందులో పడుతుంది. క్లిప్పు పెట్టాడు, రబ్బరు కట్టాడు. ఒకరోజు కట్టడం మరిచిపోయాడు. కాలవ కట్ట మీద ఎక్కుతుంటే పంచెని చైను లాగేసింది, ఆనించడానికి రెండో కాలు లేదు, సైకిల్తో సహా కాలవలో పడ్డాడు.

"ప్యాంటు వేసుకోకూడదాండి?" అన్నాను, నోరు ఊరుకోక.

ఆయన నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. "ప్యాంటేస్తే కాలెంత సన్నగా ఉందో ఊరందరికీ కనబడుద్దమ్మా. పంచెలో మనకీ రెండు కాళ్ళూ సమానమే."

నేను ఖాళీ గ్లాసు అందుకున్నాను.

కాలవలో పడ్డాక ఇంట్లోవాళ్ళూ సంఘంలో పెద్దలూ కలిసి ఇక సైకిల్ వద్దని తీర్మానం చేశారట. ఎక్కడికి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు మోటార్ సైకిల్ మీద దింపుతారు. "మంచోళ్ళేనమ్మా, కాదనరు. కానీ వాళ్ళకి తీరికున్నప్పుడు నేను బయల్దేరాలి. మొన్న ఒక ముసలావిడ ప్రార్థన చెయ్యమని కబురంపింది. తీసుకెళ్ళే మనిషి పొలంలో ఉన్నాడు. నేను వెళ్ళేసరికి మాట పడిపోయింది. నేనెవరో కూడా తెలీలేదు ఆవిడకి. ఆ చైను ఆ పక్కనుంటే నేను పడేవాణ్ణే కాదన్నాను మా ఇంట్లో. అలాంటి సైకిల్ దొరికితే తెచ్చుకో, నేనడ్డు చెప్పనంది మా ఇంటావిడ. లోకంలో లేదని దాని ధైర్యం. ఆ మర్నాడే మీ ఫొటో చూశా."

ఊరందరికీ చూపించాడట ఆ ఫొటో. అయినా నమ్మకం చాలక నాకు ఫోన్ చేశాడు. నేను ఎడమ పక్కే అన్నాను.

"మరి మీ పాత సైకిలు?" అన్నాడు అన్నయ్య.

"మీ చెల్లెలుగారు గట్టిగా చెప్పాక, నిన్న సాయంత్రమే కూరలమ్మే ఆవిడకి ఇచ్చేశానండి. పాపం నడిచి తిరుగుతోంది."

ఆ మాట కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది, అక్కడే అందరి ముందూ. పెళ్ళికొడుకుల జేబులు ఎవరూ చూడరని పదకొండేళ్ళు అనుకున్నాను. చూసేవాడికి అవసరం ఉండాలి, అంతే. ఇన్నాళ్ళలో ఎన్నో సైకిళ్ళు తిప్పి పెట్టాను, వందల మంది చూశారు, ఎవరికీ అక్కర్లేకపోయింది. అక్కరున్న ఒక్క మనిషీ కాలీడ్చుకుంటూ బండెక్కి వచ్చాడు.

"దీన్నే ఎడమ పక్కకి మార్చలేరాండి?" అని అడిగాడు అన్నయ్యని.

అన్నయ్య వెంటనే లేదనలేదు. వెనక చక్రం విప్పి, తిరగేసి పట్టుకుని, దాని ఫ్రీవీలుని చేత్తో తిప్పి చూపించాడు. ఫ్రీవీలంటే మనం తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే పళ్ళచక్రం. అది ఒక్క వైపే పట్టు పడుతుంది. చక్రం తిరగేస్తే తొక్కినప్పుడు జారిపోయి, వెనక్కి తొక్కితే పట్టుకుంటుంది. వెల్డింగు చేసి కదలకుండా బిగించొచ్చు గానీ అప్పుడు చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది, ఎడమకాలికి విశ్రాంతి ఉండదు, లాగి పడేస్తుంది. "నేను చెయ్యనండి. చేస్తే మిమ్మల్ని మళ్ళీ కాలవలో వేసినవాణ్ణవుతాను" అన్నాడు.

ఆయన తలూపాడు. అన్నయ్య చక్రాన్ని అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, కాసేపటికి తనలో తను తిట్టుకోవడం మొదలుపెట్టాడు.

"పూర్వం ఫుల్ కవర్లుండేవండి. రేకువి. చైను మొత్తం పెట్టెలో పెట్టినట్టు మూసేసేవి. చీర పడేది కాదు, పంచె పడేది కాదు. వెనక చక్రం విప్పాలంటే ముందు దాన్ని విప్పాలి, మాకు విసుగు. గడగడా మోగుతోంది, తీసేద్దామా అనేవాళ్ళం ప్రతివాణ్ణీ. నా చేత్తో ఎన్ని తీసి పాత ఇనుములో పడేశానో! ఇప్పుడు కావాలంటే ఎక్కడా లేవు. వచ్చేవన్నీ సగం కవర్లే, వాటి కింద నుంచి పంచె పోనే పోతుంది."

ఫుల్ కవరు అనగానే నా చేతులు ఫోన్ మీదికి పోయాయి. అలాంటి రేకుపెట్టెని నేను ఎక్కడో చూశాను, చూడటమే కాదు, ఫొటో తీశాను. వెనక్కి వెనక్కి జరుపుకుంటూ పోయాను. ఎర్ర సైకిళ్ళు, నీలం సైకిళ్ళు, చిన్నపిల్లల సైకిళ్ళు, అన్నీ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. చివరికి దొరికింది. బాపట్లలో ఒక మామ్మగారి ఇంటి పెరట్లో పాత సైకిల్, కొట్టుకి తేకుండా అక్కడికే వెళ్ళి తీసింది. మొదటి ఫొటోలో నిండు రేకు కవరుతో ఉంది. రెండో ఫొటోలో కవరు లేదు, చైను మెరుస్తోంది. కవరు మొద్దుగా ఉంది, తీసేస్తే ఫొటో బాగుంటుందని తీయించింది నేనే. ఆ సైకిల్ని ఒక కాలేజీ కుర్రాడు కొనుక్కెళ్ళాడు. కవరు మాత్రం పెరట్లోనే గోడవార ఉండిపోయింది.

అన్నయ్య ఫొటో పెద్దది చేయించుకుని చూశాడు. "ఇదే మోడలే. సరిపోద్ది" అన్నాడు.

"రెండు రోజులు టైమివ్వండి బాబాయిగారూ, శనివారం రండి" అన్నాను. "ఈలోపు ఊళ్ళో ఏం చెప్తారండి?"

"ఉన్నదే చెప్తానమ్మా. ఫొటో తిరగబడిందని చెప్తాను" అన్నాడు. మా ఇద్దరికీ వందనాలు చెప్పి, వచ్చినట్టే నడుచుకుంటూ స్టేషన్‌కి వెళ్ళాడు. సైకిల్ మీద ఇంటికి పోవాల్సిన మనిషి. సందు చివరిదాకా చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే బాపట్ల వెళ్ళాను. దారంతా ఒకటే భయం, ఆ రేకు పాత ఇనుము బండి ఎక్కేసి ఉంటుందేమోనని. ఎక్కలేదు. మామ్మగారు దాని రెండు సగాలనీ విడదీసి వాడేసుకుంటోంది. ఒక సగం స్నానాలగది చూరు కింద వాననీళ్ళు జారడానికి తీగతో కట్టి ఉంది. రెండో సగం పొయ్యికి గాలి తగలకుండా అడ్డం పెట్టి ఉంది.

"మామ్మగారూ, ఆ రేకులు నాకు కావాలండి."

"ఏంటీ? అందంగా లేదని తీయించింది నువ్వే కదమ్మా?"

"నేనేనండి."

"ఇప్పుడు అందంగా ఉందా?"

ఆమెకి జవాబు చెప్పక తప్పలేదు. జరిగిందంతా చెప్పాను. మధ్యలో పెళ్ళికొడుకుల జేబుల దగ్గర ఆపి, "నా పెళ్ళిఫొటో కూడా అలా తిప్పారేమో, మా ఆయన వాచీ కుడిచేతికి ఉంటుంది" అని లోపలికి వెళ్ళి ఫ్రేము తెచ్చి చూపించింది. చూశాను. మామ్మగారి పైట సరిగ్గా ఎడమ భుజం మీదే ఉంది. ఆయన నిజంగానే కుడిచేతికి పెట్టుకునేవాడన్నమాట. "అవునే, ఎడమచేతివాటం మనిషి, నేనే మరిచిపోయాను" అంది ఆవిడ. అంటూనే తీగ విప్పడానికి స్టూలు వేసింది. బజారుకి వెళ్ళి చూరుకి ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క కొనుక్కొచ్చి కట్టాను. పొయ్యి అడ్డానికి ఏమీ అడగలేదు. రేకుకి పట్టిన మసిని తనే బూడిదతో తోమి ఇచ్చింది.

శుక్రవారం సాయంత్రమంతా అన్నయ్య ఆ రేకులతోనే ఉన్నాడు. సొట్టలు కొట్టి తీశాడు, చిల్లు పడ్డచోట మాటు వేయించాడు, లోపల మోగకుండా పాత ట్యూబు ముక్కలు అతికించాడు, నల్లరంగు కొట్టాడు. "ఇంత మోత మోగేది ఈ రెండు రబ్బరు ముక్కలు లేకనా!" అని మళ్ళీ తిట్టుకున్నాడు. ఈసారి నేను పక్కనే కూర్చుని అన్నీ అడిగాను. చైను కుడివైపే ఎందుకు పెట్టారు? ఎడమవైపు నుంచి ఎక్కుతాం కాబట్టి బట్టలకి అంటకుండా అయ్యుంటుందన్నాడు. ఎడమవైపు నుంచే ఎందుకు ఎక్కుతాం? అందరూ అలాగే ఎక్కుతారన్నాడు. అందరూ అలాగే ఎందుకు ఎక్కుతారు? "నోరు మూసుకుని ఆ స్క్రూ అందుకో" అన్నాడు.

శనివారం ఆయన అన్నమాట ప్రకారం పొద్దుటి బండికి వచ్చాడు. మరక లేని పంచె కట్టుకొచ్చాడు. పరీక్షకని కావాలనే కట్టుకున్నాడేమో, అడగలేదు. సైకిల్ చూసి, రేకు మీద చెయ్యి వేసి నిమిరాడు. సందులోకి తోసుకెళ్ళాడు. కుడివైపు నిలబడ్డాడు. కుడి పాదం పెడల్ మీద వేశాడు.

క్లిప్పు పెట్టుకోలేదు. రబ్బరు కట్టుకోలేదు.

తోశాడు. పంచె రేకు మీద నుంచి నున్నగా జారింది. ఎడమకాలు వెనక నుంచి గిరుక్కున తిరిగి అవతల పడింది. సందు చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగి కనబడకుండా పోయాడు. అన్నయ్య పానా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బెల్లు వినిపించింది. ఆయన తిరిగి వచ్చి దిగి, పంచె అంచు ఎత్తి, ముందూ వెనకా చూసుకుని మాకు చూపించాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టాను కూడా.

"ఒక ఫొటో తీసుకుంటానండి, అమ్మకానికి కాదు, నాకు" అన్నాను. ఆయన మళ్ళీ కుడి పాదం పెడల్ మీద వేసి, తోసుకుంటూ ఎక్కబోతున్నట్టు నిలబడ్డాడు. వెలుగు బాగుంది. తీసి చూపించాను.

చూసి, "దీన్ని కూడా తిప్పమ్మా. ఒకసారి చూస్తాను" అన్నాడు.

నాకు చెయ్యి రాలేదు. ఆయన పట్టు విడవలేదు. ఒక్క నొక్కుతో తిప్పి ఇచ్చాను. అందులో ఆయన ఎడమవైపు నుంచి, ఎడమ పాదం మీద బరువు మోపి, అందరిలాగే సైకిలెక్కుతున్నాడు. ఎడమకాలు బలంగా, నిటారుగా ఉంది. ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మా నాన్న ఇలా ఎక్కరా, ఇలా ఎక్కరా అని ఎంత కొట్టుకునేవాడో" అన్నాడు. ఇంకాసేపు చూశాడు. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి, "బాగున్నాడమ్మా. కానీ ఈయనెవరో మా పల్లెల్లో ఎవరికీ తెలీదు, వెళ్తే తలుపు తియ్యరు. తీసెయ్యి" అన్నాడు.

తీసేశాను. తిప్పనిది ఉంచుకున్నాను.

రేపల్లె బండిలో సామాన్లు ఎక్కించే పెట్టెలోకి సైకిల్ ఎక్కించి వచ్చాం. ఆ మధ్యాహ్నమే కూర్చుని పేజీలో తిప్పిన సైకిళ్ళన్నిటినీ మళ్ళీ వెనక్కి తిప్పాను. ఇప్పుడు కుడి గడిలో ఉన్నవన్నీ బయటికి చూస్తున్నాయి, వెళ్ళిపోతున్నట్టే ఉంటాయి. అమ్మకానికి పెట్టినవి వెళ్ళిపోతేనే కదా మాకు మంచిది. వివరాల కింద "ఫొటో తిప్పలేదు" అని ఒక మాట కూడా చేర్చాను. దానికి అర్థమేంటని రోజుకి ఒకరైనా అడుగుతారు, నేను మొత్తం కథ చెప్తాను, అన్నయ్య తల పట్టుకుంటాడు.

ఆదివారం మధ్యాహ్నం ఉపదేశిగారి నుంచి ఒక ఫొటో వచ్చింది. సైకిల్ లేదు, మనిషి లేడు. చెక్క బల్ల మీద పరిచిన పంచె అంచు, వంకరగా, మూలన వేలి నీడతో తీసింది. పెద్దది చేసి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెతికాను. కాలవ కట్ట దుమ్ము తప్ప ఎక్కడా చుక్క మరక లేదు. కింద తప్పుల్లేకుండా కష్టపడి టైపు చేసినట్టున్న రెండు ముక్కలున్నాయి.

"రెండు పల్లెలు అయినవమ్మా, ఇంకా రెండు ఉన్నవి. ఒక్కడినే వెళ్తున్నాను."